'అవే మందులు కంటిన్యూ చెయ్యండి' అని రాసే డాక్టర్లకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన డాక్టర్లకు, వారు పనిచేసే ఆస్పత్రుల నిర్వాహకులకు,

నమస్కారం.

నాకు షుగరు వచ్చి 14 ఏళ్లు, బీపీ వచ్చి 9 ఏళ్లు. మోకాళ్ల నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయో చెప్పలేను, మెల్లగా వచ్చి కూర్చున్నాయి. ఇన్నేళ్లుగా నన్ను నిలబెట్టింది మీలాంటివాళ్లే. ఆ కృతజ్ఞత ఉంది. దాన్ని ఈ ఒక్క మాటతో సరిపెట్టి విషయానికి వస్తాను.

పోయిన ఏడాది మోకాళ్ల నొప్పి భరించలేక ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన నొప్పి మాత్రలు రాశారు, రోజుకు రెండు. నేను షుగరుకూ బీపీకీ చూపించుకునే డాక్టరుగారి గది అదే ఆస్పత్రిలో పై అంతస్తులో ఉంది. ఆయన రాసిన బీపీ మందులు అప్పటికే రెండు నడుస్తున్నాయి. ఒకటి పేరు చివర 'సార్టాన్' అని ఉండే రకం, రెండోది ఒంట్లో నీటిని లాగే మాత్ర. ఈ రెండింటికి నొప్పి మాత్ర తోడైతే కిడ్నీలకు దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు, మీ పాఠాల్లో ఉన్నదే. అయినా కింది డాక్టరుగారు పైనుంచి ఏ మందులు నడుస్తున్నాయని అడగలేదు. మూడు నెలలకు పైకి వెళ్తే, ఆ డాక్టరుగారు పాత చీటీ చూసి అడుగున 'అవే కంటిన్యూ' అని రాసి పంపారు. అప్పటికే నా పాదాలు వాస్తున్నాయి. సాయంత్రానికి చెప్పు పట్టీ అచ్చు పాదం మీద లోతుగా దిగబడి, రాత్రి పడుకునేదాకా పోయేది కాదు. వయసు మీద పడుతోంది కదా అనుకుని నేను చెప్పలేదు. ఆయనా నా కాళ్ల వంక చూడలేదు. ఇంకో రెండు నెలలకు, వేరే పని మీద చేయించుకున్న రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే లెక్క) పెరిగిందని తేలింది. నొప్పి మాత్ర ఆపాక చాలావరకు దిగింది. పూర్తిగా మాత్రం దిగలేదు.

జరిగిందంతా కాగితం మీద పెట్టి ఆస్పత్రికి ఇచ్చాను. ఎవరినీ శిక్షించమనలేదు, నష్టపరిహారం అడగలేదు. ఒకే పేషంటును చూసే రెండు గదుల మధ్య మందుల వివరాలు చేరే ఏర్పాటు చెయ్యండి అన్నాను, అంతే. అందినట్టు స్టాంపు వేసి ఇచ్చారు. నెల తర్వాత వెళ్లి అడిగితే "పైకి పంపించాం" అన్నారు. ఆ 'పైన' ఎక్కడుందో నాకు ఇంతవరకూ తెలియలేదు. ఆరు నెలలు చూసి ఇప్పుడు ఇలా అందరికీ రాస్తున్నాను. ఆ ఆస్పత్రి పేరు చెప్పను. చెబితే మిగతావాళ్లంతా ఇది తమ గురించి కాదులే అని ఊపిరి పీల్చుకుంటారు.

ఆపరేషన్ అయితే పనంతా మీ చేతుల్లో ఉంటుంది. మా జబ్బులు అలాంటివి కావు. మూడు నెలలకోసారి పది నిమిషాలు మీ ముందు కూర్చున్నా ఏడాదికి అయ్యేది 40 నిమిషాలు. మిగతా రోజులన్నీ డోసు మర్చిపోతే తర్వాత రెండు వేసుకోవాలా, లేవగానే కళ్లు తిరిగితే మాత్ర మానాలా అని తేల్చుకునేది మేమే. ఏ చదువూ లేకుండా మా ఒంటికి మేమే డాక్టర్లం. ఆ పని సరిగ్గా చెయ్యడానికి మాకేం కావాలో కింద రాస్తున్నాను.

1. మందులన్నీ ఒకే కాగితం మీద రాసివ్వండి.

ఏ డాక్టరు రాసినా, మేం సొంతంగా కొనుక్కున్నా, ఒంట్లోకి వెళ్లే ప్రతి మందూ ఒకే జాబితాలో ఉండాలి. మందు పేరు పక్కన అది దేనికో, ఎప్పుడు వేసుకోవాలో, ఎన్నాళ్లు వాడాలో మాకు అర్థమయ్యే అక్షరాలతో రాయండి. 'ఎన్నాళ్లు' అన్నది ముఖ్యం. ఎప్పుడో రెండు వారాల కోసం రాసిన గ్యాస్ మాత్రను మా అక్క నాలుగేళ్లు వేసుకుంది, ఆపమని ఎవరూ చెప్పలేదు గనక. మొదలుపెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆపేవాళ్లే కనిపించరు.

ఇలా నడిచిపోయే వాటిలో చూసుకోవాల్సినవి చాలా ఉంటాయి. షుగరుకు ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బీ12 విటమిన్ తగ్గుతుంది. కాళ్లలో తిమ్మిర్లు వస్తే అది షుగరు వల్లో, బీ12 లోపం వల్లో పరీక్ష చేస్తేగాని తెలియదు. థైరాయిడ్ మాత్రను కాల్షియం, ఐరన్ మాత్రలతో కలిపి వేసుకుంటే సరిగ్గా ఒంటబట్టదు, మధ్యలో నాలుగు గంటల ఎడం ఉండాలి. నాకు తెలిసిన ఒకావిడ అన్నీ ఒక్క గుక్కలో మింగేది. థైరాయిడ్ అదుపులోకి రావడం లేదని ఆవిడకు డోసు పెంచుకుంటూ పోయారు. మాత్రలు ఎలా వేసుకుంటున్నావమ్మా అని ఒక్కరు అడిగినా సరిపోయేది.

అందుకే మీరు 'అవే కంటిన్యూ' అని రాసే ప్రతిసారీ, ఆ 'అవే' ఏమిటో ఒక్కసారి పైకి చదవండి. మేం వింటాం, తేడా ఉంటే చెబుతాం.

2. బీపీ చూసే ముందు మమ్మల్ని ఐదు నిమిషాలు కూర్చోనివ్వండి.

సాధారణంగా జరిగేది ఇది. మెట్లెక్కి ఆయాసపడుతూ వస్తాం. పేరు పిలుస్తారేమోనని టెన్షన్. కుర్చీలో సగం కూర్చోగానే చొక్కా చేతి మీదుగానే పట్టీ చుట్టేస్తారు. చెయ్యి గాల్లో వేలాడుతుంటుంది. "ఏంటి ప్రాబ్లం?" అని అడుగుతారు, మేం చెబుతూనే ఉంటాం, మిషన్ ఎక్కుతూనే ఉంటుంది. అంకె ఎక్కువ వస్తుంది. డోసు పెరుగుతుంది.

ఎలా చూడాలో మీకు నేను చెప్పక్కర్లేదు. వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, కాలు మీద కాలు వేసుకోకుండా, చెయ్యి గుండె ఎత్తున ఆనించి, మాట్లాడకుండా ఉన్నప్పుడు, చేతికి సరిపడే పట్టీతో చూడాలి. వీటిలో ఏది తప్పినా అంకె మారుతుంది. అలా మారిన అంకెను నమ్మి డోసు పెంచితే, రాత్రి బాత్రూముకు లేచినప్పుడు తూలి పడేది మేమే.

ఇంట్లో మిషన్ ఉన్నవాళ్లు రాసుకొచ్చిన నోటుబుక్కును పక్కన పెట్టేయకండి. వారం రోజులు పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చూసి, మొదటి రోజు లెక్క వదిలేసి మిగతా వాటి సగటు తీయమనే పద్ధతి మీ మార్గదర్శకాల్లో ఉన్నదే. ఇంటి సగటుకు 135/85 గీత, మీ గదిలో అయితే 140/90. ఈ తేడా కూడా మాలో చాలామందికి తెలియదు. ఇంట్లో 136 చూసి నిశ్చింతగా ఉండేవాళ్లున్నారు, ఒక్కసారి 142 వచ్చిందని రాత్రంతా నిద్రపోనివాళ్లూ ఉన్నారు.

3. ఏడాదికి ఒక్కసారైనా మా చెప్పులు విప్పించండి.

పాదాల పరీక్ష గురించి నేను ఎక్కువే చెబుతాను, ఎందుకంటే 14 ఏళ్లలో నాకు అది ఒక్కసారే జరిగింది. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గిందేమో చూడటానికి సన్నటి నైలాన్ తీగ లాంటిది ఒకటుంటుంది. వంగేదాకా పాదం మీద ఆనిస్తే సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడి పడుతుంది. కళ్లు మూసుకోమని, తగిలినప్పుడల్లా చెప్పమన్నారు ఒక నర్సమ్మ. బొటనవేలి దగ్గర చెప్పాను, పాదం మధ్యలో చెప్పాను. చిటికెన వేలి కింద ఆమె మూడుసార్లు తాకించిందట, నేను నోరు తెరవలేదు. నాకు తాకినట్టే లేదు. అంతా కలిపి మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

నొప్పి తెలియకపోవడం సుఖంలా కనిపిస్తుంది. నా స్నేహితుడు ఒకాయన బూటులో చిన్న గులకరాయి ఉండగా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడిచాడు. మేజోడు విప్పి దాని మీద రక్తం చూశాక గాని విషయం తెలియలేదు. ఆ పుండు మానలేదు, చివరికి ఒక వేలు తీసేశారు. అంతకు ముందు ఆయన పాదాన్ని ఎవరైనా ముట్టుకుని చూసి ఉంటే, బూటు వేసుకునే ముందు దులపమని చెప్పి ఉండేవాళ్లు.

కంట్లో చుక్కలు వేసి వెనకున్న రెటీనా పొర చూడటం, కిడ్నీల కోసం మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పరీక్ష, ఇవీ అంతే. ముదిరేదాకా ఏ లక్షణమూ చూపించని చోట్లు ఇవి. చూపు బాగానే ఉంది కదా అని మేం వెళ్లం. వెళ్లమని చీటీ మీద తేదీ వేసి రాస్తే వెళ్తాం.

4. 'వాకింగ్ చెయ్యండి, బరువు తగ్గండి' అంటే సరిపోదు.

మందు రాసేటప్పుడు డోసు రాస్తారు. వ్యాయామానికి మాత్రం గుమ్మం దాటుతుండగా ఒక మాట విసురుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో దీర్ఘకాలిక జబ్బులున్న పెద్దవాళ్లకూ విడిగా లెక్క ఉంది. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో కదలాలి, రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామం చెయ్యాలి. ఈ రెండోది మాకు దాదాపు ఎవరూ చెప్పరు. మోకాళ్ల నొప్పి ఉన్నవాడికి తొడ కండరం గట్టిపడటమే పెద్ద ఊతమని నేను తెలుసుకున్నది ఓ ఫిజియోథెరపిస్టు వల్ల. ఆమె చేయించిన మొదటి వ్యాయామం చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేవడం. మొదటి రోజు ఐదుసార్లు లేచేసరికి కాళ్లు వణికాయి. ఇప్పుడు పన్నెండు దాకా వచ్చాను. ఎవరికీ గొప్పగా అనిపించదు, నాకు మాత్రం అనిపిస్తుంది.

బరువు తగ్గితే, కదిలితే షుగరు రాకుండా ఆపవచ్చని చెప్పేటప్పుడు మీరు 2002లో అమెరికాలో వచ్చిన పెద్ద అధ్యయనం గురించి చెబుతుంటారు. షుగరు అంచున ఉన్న 3,234 మందితో చేసింది. జీవనశైలి మార్చుకున్నవాళ్లలో జబ్బు రావడం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ వాడినవాళ్లలో 31 శాతం. నిజమే, మందును మించిన ఫలితం. కానీ ఆ జీవనశైలి గుంపులోని వాళ్లకు ఊరికే 'తగ్గండి' అని చెప్పి వదిలేయలేదు. మొదటి 24 వారాల్లో ఒక్కొక్కరికీ 16 పాఠాలు చెప్పారు, వెంట ఒక కోచ్ ఉండి దారి చూపారు. ఆ 58 శాతం మా నుంచి ఆశిస్తూ, ఆ 16 పాఠాల్లో ఒక్కటైనా చెప్పకపోతే ఎలా?

కనీసం ఇంత రాయండి: ఎంతసేపు, వారానికి ఎన్ని రోజులు, ఎంత నొప్పి వస్తే ఆపాలి, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు నడకకు ముందు షుగరు ఎంత ఉంటే చాలు.

5. మమ్మల్ని కోప్పడకండి. కోప్పడితే అబద్ధం చెబుతాం.

ఇది నా తప్పుతో మొదలుపెడతాను. ఒకప్పుడు మెట్‌ఫార్మిన్ వేసుకుంటే కడుపులో ఒకటే గడబిడ. బయటికి వెళ్లాలంటే భయం. నెమ్మదిగా మానేశాను. డాక్టరుగారు "మందులు వేసుకుంటున్నారా?" అంటే "వేసుకుంటున్నానండీ" అన్నాను. అంతకుముందు ఒకసారి నిజం చెప్పి, వరండాలో ఉన్నవాళ్లంతా వినేలా తిట్లు తిని ఉన్నాను మరి. షుగరు తగ్గడం లేదని ఆయన ఇంకో మాత్ర కలిపారు. ఆ మాత్ర వల్ల ఒక తెల్లవారుజామున షుగరు మరీ పడిపోయి, చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడింది. ఇంట్లోవాళ్లు మెలకువగా ఉండబట్టి గండం గడిచింది. కడుపుకు అంత ఇబ్బంది పెట్టని, నెమ్మదిగా విడుదలయ్యే మెట్‌ఫార్మిన్ రకం ఉంటుందని ఆ తర్వాత తెలిసింది. అబద్ధం నాది. కానీ నిజం చెప్పే వీలు ఆ గదిలో లేదు.

నేనొక్కణ్నే కాదు. దీర్ఘకాలిక జబ్బుల మందులను చెప్పినట్టు వాడేవాళ్లు సంపన్న దేశాల్లోనే సుమారు సగం మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే రాసింది. సగం మంది చెయ్యలేకపోతున్నారంటే అది వాళ్ల బుద్ధిలోపం అనడం తేలిక. "వేసుకుంటున్నారా?" బదులు "పోయిన వారంలో ఎన్నిసార్లు మర్చిపోయారు?" అని అడిగి చూడండి. జవాబు మారుతుంది. మేం పరీక్ష ముందు వారం రోజులు బుద్ధిగా ఉండి అంకె తగ్గించుకొస్తామని మీరు నవ్వుకుంటారు. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష రెండు మూడు నెలల షుగరు లెక్క చెబుతుందని మాకూ తెలుసు. అయినా అలా చేస్తున్నామంటే అది మీ కోపానికి భయపడే.

6. ఒంట్లో బాగాలేని రోజు ఏం చెయ్యాలో ముందే చెప్పండి.

వాంతులో విరేచనాలో పట్టుకుని ఒంట్లో నీరంతా పోతున్నప్పుడు రోజూ వేసుకునే మందుల్లో కొన్ని కిడ్నీలకు బరువవుతాయి. ఏవి ఆపాలి, ఎన్నాళ్లు, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది మనిషిని బట్టి మారుతుంది, అందుకే మీరే రాయాలి. ఏమీ తినడం లేదు కదా అని ఇన్సులిన్ సొంతంగా మానేసి ప్రమాదంలో పడేవాళ్లున్నారు. షుగరు 70 కన్నా తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్, 15 నిమిషాలు ఆగి మళ్లీ పరీక్ష, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ అదే, స్పృహ తప్పినవాళ్ల నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు. ఈ నాలుగు ముక్కలు రాసిన కాగితం నాకు షుగరు వచ్చిన పన్నెండో ఏట దొరికింది. ఇది మాతోపాటు ఇంట్లోవాళ్లకూ చెప్పాల్సిన విషయం. ఆ సమయానికి మా బుర్ర పనిచేయదు.

7. మనసు గురించి ఒక్క ప్రశ్న అడగండి.

షుగరు ఉన్నవాళ్లలో డిప్రెషన్ మిగతావాళ్లకంటే సుమారు రెండింతలు. సెలవంటూ లేని జబ్బు ఇది. "విసుగొస్తోందా?" అని మీరు అడిగితే కొందరు అక్కడే ఏడ్చేస్తారు. పర్వాలేదు.

ఇక ఆస్పత్రుల నిర్వాహకులకు. ఇవన్నీ చెయ్యడానికి డాక్టర్లకు టైమేదీ అంటారని తెలుసు. అది అబద్ధమూ కాదు. 2017లో 67 దేశాల లెక్కలు తీసిన అధ్యయనం ప్రకారం, ప్రపంచ జనాభాలో దాదాపు సగం ఉన్న 18 దేశాల్లో డాక్టరు ఒక్కో పేషంటుకు సగటున ఇచ్చేది ఐదు నిమిషాలో, అంతకన్నా తక్కువో. ఐదు నిమిషాల్లో పై ఏడూ చెయ్యమని డాక్టర్ల మీద పడేంత అన్యాయం నేను చెయ్యను. కానీ పైన రాసినవాటిలో చాలావాటికి డాక్టరే అక్కర్లేదు. బీపీ కుదురుగా చూడటం, పాదాల పరీక్ష, ఇంజెక్షన్ చోటు మార్చుకుంటున్నామో లేదో చూడటం, ఇన్‌హేలర్ పీల్చే పద్ధతి సరిదిద్దడం, మందుల సంచి బోర్లించి జాబితా రాయడం, ఇవన్నీ శిక్షణ పొందిన నర్సు చెయ్యగలిగినవే. అమెరికాలో షుగరు వైద్యానికి పేరుపడ్డ డాక్టరు జాస్లిన్ 1918లోనే డాక్టరుకూ పేషంటుకూ ఇద్దరికీ పనికొచ్చేలా షుగరు మీద పుస్తకం రాశారు. అప్పటికి ఇన్సులిన్ కూడా లేదు, పేషంటుకు నేర్పడమే చేతిలో ఉన్న పెద్ద మందు. ఇప్పుడు ఆ నేర్పే పని చాలాచోట్ల పక్కకు పోయింది.

కాబట్టి మిమ్మల్ని నేను అడిగేవి మూడు. వెయిటింగ్ హాల్ పక్కన ఒక నర్సమ్మ, ఒక టేబుల్, పాదాలు చూసే ఆ తీగ. రెండోది, మందుల జాబితా ఒక గదిలో మారితే రెండో గదిలో కనిపించే ఏర్పాటు. మూడోది, ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు 30 రోజుల్లో రాతపూర్వక జవాబు. 'కుదరదు' అన్నది కూడా జవాబే, అదైనా ఇవ్వండి.

మీరు చెప్పని చోట ఊరికే ఖాళీ ఉండిపోదు. 'నలభై రోజుల్లో షుగరు మాయం' అనే మెసేజులు మా ఫోన్లకు రోజూ వస్తాయి. ఆ రాసేవాళ్లు మమ్మల్ని కోప్పడరు, తొందరపెట్టరు, ప్రతి డౌటుకూ ఓపిగ్గా జవాబిస్తారు. మాలో కొందరు వాళ్ల మాట విని ఇన్సులిన్ మానేసి, చివరికి మీ ఐసీయూలో తేలుతున్నారు.

మా వైపు నుంచి చెయ్యాల్సింది కూడా ఉంది. వచ్చే నెల నాకు అపాయింట్‌మెంట్ ఉంది. అన్ని మందులూ వేసిన సంచి, వారం రోజుల బీపీ లెక్క, అడగాల్సిన మూడు ప్రశ్నలు రాసుకున్న చీటీ తెచ్చుకుంటాను. ఎన్ని డోసులు మర్చిపోయానో దాచకుండా చెబుతాను. చెప్పులు కూడా తేలిగ్గా విప్పగలిగేవే వేసుకొస్తాను.

ఇట్లు,
మీ పేషంటు ఒకరు